ముప్పై గుంటల్లోంచి ముప్పై అయిదు సెంట్లు

ముప్పై గుంటల పొలంలో ముప్పై అయిదు సెంట్లు అమ్మేస్తే ఎంత మిగులుతుంది? ముప్పైలోంచి ముప్పై అయిదు పోదు కదా అని తల గోక్కునే రైతు ఎక్కడా కనిపించడు. ఎకరం అంటే నలభై గుంటలు, అదే ఎకరం నూరు సెంట్లు. అంటే గుంట రెండున్నర సెంట్లు, ముప్పై గుంటలు డెబ్బై అయిదు సెంట్లు. అందులో ముప్పై అయిదు పోతే నలభై సెంట్లు మిగులు. విజయవాడ నుంచి హైదరాబాదు రోడ్డు పట్టుకుని పోతే జగ్గయ్యపేట దాకా పొలాన్ని సెంట్లలో చెబుతారు. సరిహద్దు దాటి కోదాడ చేరేసరికి గుంటలు మొదలవుతాయి. ఆ రెండూళ్ల మధ్య భూమి బేరాలు చేసేవాళ్లు ఈ మార్పిడిని కాగితం ముట్టకుండానే చేసేస్తారు.

అదే లెక్కను బడిలో ‘3/4 − 7/20 ఎంత?’ అని అడిగితే చాలామందికి చేయి ఆగిపోతుంది. ముప్పై గుంటలంటే ముప్పావు ఎకరమే, ముప్పై అయిదు సెంట్లంటే 7/20 ఎకరమే. లెక్కలో తేడా ఏమీ లేదు. గుంట, సెంటు అన్న పేర్లు పోయి గీతకు పైన ఒక అంకె, కింద ఒక అంకె మాత్రం మిగిలాయి. పేరు పోగానే పిల్లలు పైదాంట్లోంచి పైది, కిందిదాంట్లోంచి కిందిది తీసేస్తారు. 3/4 − 1/3 ఇస్తే 2/1 అని రాస్తారు, అంటే రెండు. ముప్పావు ఎకరంలో మూడో వంతు ఎకరం అమ్మితే రెండెకరాలు మిగిలాయన్నమాట! కూడికలో ఇదే పొరపాటు చేస్తే 4/7 వస్తుంది. అదీ తప్పే గానీ అంత తొందరగా కంటపడదు. తీసివేతలో మాత్రం దాక్కోలేదు.

హారం చేసే పని

భిన్నంలో కింద ఉండే హారం, ఒక మొత్తాన్ని ఎన్ని సమాన భాగాలు చేశామో చెబుతుంది. అంటే ఒక్కో ముక్క ఎంత పెద్దదో చెబుతుంది. పైనున్న లవం అలాంటి ముక్కలు ఎన్ని తీసుకున్నామో చెబుతుంది. చూడ్డానికి రెండూ అంకెలే అయినా చేసే పని వేరు. లవం లెక్కపెడుతుంది, హారం కొలతకు పేరు పెడుతుంది.

ఏడు సెంట్లలో మూడు సెంట్లు పోతే నాలుగు సెంట్లు. ఇక్కడ ‘సెంట్లు’ అన్న మాటను ఎవరూ తీసివేయరు. అలాగే 7/20 − 3/20 చేసినప్పుడు కింది ఇరవై జోలికి పోకూడదు. జవాబు 4/20, కుదిస్తే 1/5. హారాలు ఒకటే అయిన ఇలాంటి వాటిని పాఠ్యపుస్తకాలు సజాతి భిన్నాలు అంటాయి. చిక్కంతా విజాతి భిన్నాలతోనే. వాటిని ముందు ఒకే జాతిలోకి తెచ్చుకోవాలి.

ధాన్యం లెక్కలో ఈ పని రోజూ జరుగుతుంది. డెల్టా రైతు దిగుబడిని డెబ్బై అయిదు కిలోల బస్తాల్లో చెబుతాడు. ప్రభుత్వం మద్దతు ధరను క్వింటాలుకు ప్రకటిస్తుంది. ముప్పై బస్తాలున్న రైతు పన్నెండు క్వింటాళ్లు అమ్మితే ఇంట్లో మిగిలేది ఎంత? 75నీ 100నీ శేషం లేకుండా కొలిచే పెద్ద తూకం 25 కిలోలు. దాన్నే ఒక ముక్క అనుకుంటే బస్తాకు మూడు ముక్కలు, క్వింటాలుకు నాలుగు. ముప్పై బస్తాలు తొంభై ముక్కలు, పన్నెండు క్వింటాళ్లు నలభై ఎనిమిది. మిగిలినవి నలభై రెండు ముక్కలు, అంటే పద్నాలుగు బస్తాలు. కావాలంటే పదిన్నర క్వింటాళ్లని కూడా చెప్పుకోవచ్చు.

3/4 − 1/3కూ ఇదే దారి. నాలుగో వంతునూ మూడో వంతునూ శేషం లేకుండా కొలిచే ముక్క పన్నెండో వంతు. ఒక్కో నాలుగో వంతును మూడుగా కోస్తే 3/4 కాస్తా 9/12 అవుతుంది. ఒక్కో మూడో వంతును నాలుగుగా కోస్తే 1/3 కాస్తా 4/12 అవుతుంది. ముక్కలు చిన్నవయ్యాయి, వాటి సంఖ్య పెరిగింది, పొలం మాత్రం అంతే ఉంది. లవాన్నీ హారాన్నీ ఒకే అంకెతో గుణించవచ్చనే సూత్రం వెనక ఉన్నది ఇంతే. తొమ్మిదిలోంచి నాలుగు పోతే అయిదు. జవాబు 5/12.

నాలుగు మీద నడిచిన లెక్కలు

మెట్రిక్ కొలతలు రాకముందు మన పల్లెల్లో ఈ హారాల గొడవ అంతగా లేదు. కొలతల్ని అలా కట్టుకున్నారు కాబట్టి. నాలుగు గిద్దలు ఒక సోల, నాలుగు సోలలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము. మధ్యలో వచ్చే తవ్వ మానికలో సగం, అడ్డ కుంచంలో సగం. ఊరిని బట్టి కుంచం పెద్దదో చిన్నదో కావచ్చు గానీ, నాలుగేసి చొప్పున ఎక్కే ఈ మెట్లు తెలుగునాట చాలాచోట్ల వాడుకలో ఉన్నవే.

భిన్నాల పేర్లూ అదే వరసలో నడిచాయి. నాలుగో వంతు పాతిక, అందులో నాలుగో వంతు వీసం, అంటే 1/16. వీసంలో నాలుగో వంతు కాని, అంటే 1/64. అర, ముప్పాతిక, పరక (1/8), అరవీసం (1/32) కూడా ఈ కుటుంబంలోవే. వీటిలో ఏ రెండు తీసుకున్నా చిన్న హారం పెద్ద హారాన్ని సరిగ్గా భాగిస్తుంది. అందువల్ల ఉమ్మడి హారం కోసం వెతుకులాట ఉండదు. ముప్పాతికలోంచి పరక తీయాలంటే అంతా వీసాల్లోకి మార్చుకుంటే చాలు. పన్నెండు వీసాల్లో రెండు పోతే పది.

రాతలో ఇది ఇంకా ముచ్చటగా ఉంటుంది. పాత లెక్కల్లో పాతికలకు నిలువు గీతలు, వీసాలకు అడ్డ గీతలు, ఆ కింది మెట్టుకు మళ్లీ నిలువు గీతలు వేసేవారు. ఏ మెట్టులోనూ మూడుకు మించి గీతలు అక్కర్లేదు. నాలుగైతే పై మెట్టుకు ఒకటి చేరిపోతుంది. మూడు పాతికల ఒక వీసం ౻౼ అవుతుంది. ఇందులోంచి పాతిక రెండు వీసాలు, అంటే ౹౽ తీసివేయాలనుకుందాం. ఒక అడ్డ గీతలోంచి రెండు పోవు కాబట్టి ఒక నిలువు గీతను చెరిపి నాలుగు అడ్డ గీతలు తెచ్చుకోవాలి. అయిదులో రెండు పోతే మూడు అడ్డ గీతలు, మిగిలిన రెండు నిలువు గీతల్లో ఒకటి పోతే ఒకటి. జవాబు ౹౾, పాతిక మూడు వీసాలు. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకున్నట్టే ఇక్కడ పాతిక నుంచి తెచ్చుకున్నాం. ఈ గీతలకు 2008లో వెలువడిన యూనికోడ్ 5.1లో చోటు దొరికింది. తూము గుర్తు కూడా వాటి పక్కనే ఉంది. వీటిని కంప్యూటర్లో టైపు చేయగలుగుతున్నది అందువల్లే.

మూడో వంతు దగ్గర చిక్కు

నాలుగేసి చొప్పున కోసే ఈ పద్ధతికి లొంగనిది మూడో వంతు. ముగ్గురు అన్నదమ్ములు పంచుకుంటే వచ్చేది అదే. పాతిక ఇస్తే చాలదు. ఇంకో వీసం చేర్చితే 5/16 అవుతుంది, అప్పటికీ 1/48 తక్కువ. కాని కూడా చేర్చితే 21/64, లోటు 1/192. ఎన్ని మెట్లు దిగినా లోటు నాలుగో వంతుకు తగ్గుతూ పోతుందే తప్ప తీరదు. గీతల్లో రాయబోతే ఒక నిలువు, ఒక అడ్డం, ఒక నిలువు, ఒక అడ్డం అంటూ అంతు లేకుండా సాగుతుంది. 1/4 + 1/16 + 1/64 + … అనే అనంత శ్రేణి మొత్తం సరిగ్గా 1/3 అని గణితంలో చెప్పేది ఈ సంగతే.

బ్రిటిష్ కాలపు రూపాయిలో ఈ లోటు పూడ్చే ఏర్పాటు ఉంది. రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు, మొత్తం 192 పైలు. 192 అంటే 64ని మూడుతో గుణించినది. అంచేత మూడో వంతు రూపాయి చిల్లర తేడా లేకుండా అయిదణాల నాలుగు పైలు. పై పేరాలో కాని దాకా వచ్చాక మిగిలిన 1/192 లోటు ఉంది చూశారూ, రూపాయిలో అది సరిగ్గా ఒక పై.

1957 ఏప్రిల్ 1న రూపాయి నూరు నయా పైసలైంది. అయిదో వంతు, పదో వంతు సులువయ్యాయి. అణా మాత్రం ఆరుంబావు పైసలై కూర్చుంది. మూడో వంతు 33 పైసల దగ్గర తెగకుండా ఉండిపోయింది. ఏ కొలమానమైనా ఎవరో ముందే ఎంచిపెట్టిన ఉమ్మడి హారం. 192 ఎంచుకుంటే మూడు, పదహారు లొంగుతాయి, అయిదు లొంగదు. 100 ఎంచుకుంటే అయిదు లొంగుతుంది, మూడు లొంగదు. 120 తులాల వీశె, 60 నిమిషాల గంట మూడుకూ నాలుగుకూ అయిదుకూ కూడా లొంగుతాయి. ముప్పావు గంటలోంచి 2/5 గంట తీసివేయమంటే క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) తెలియని వాళ్లు కూడా 45లో 24 పోతే 21 నిమిషాలని చెప్పేది అందుకే. బాబిలోనియా వాళ్లు భిన్నాలన్నిటినీ అరవయ్యో వంతుల్లో రాసుకోవడంలోని సౌలభ్యం కూడా అదే.

పావులూరి గణితం చెప్పే దారి

కొలమానం కలిసిరాకపోతే ఉమ్మడి హారాన్ని మనమే తయారు చేసుకోవాలి. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు చెప్పిన పద్ధతి సూటిగా ఉంటుంది. ఒక్కో భిన్నపు లవహారాలను రెండోదాని హారంతో గుణించాలి. 5/16, 1/12 ఇస్తే ఉమ్మడి హారం 16ను 12తో గుణించగా వచ్చే 192. తప్పులేని దారే, కానీ హారాలు పెరిగేకొద్దీ గుణకారాల బరువు పెరుగుతుంది.

ఆ బరువు తగ్గించే సూత్రం 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో ఉంది. హారాల్లో ఉమ్మడిగా ఉన్న కారణాంకాన్ని ముందు బయటికి తీయాలి. దాంతో హారాలను భాగించగా వచ్చిన ఫలాలను, ఆ ఉమ్మడి కారణాంకాన్ని కలిపి గుణించాలి. 16, 12లో ఉమ్మడిది నాలుగు. భాగిస్తే వచ్చేవి నాలుగు, మూడు. 4 × 4 × 3 చేస్తే 48. ఇప్పుడు బడిలో క.సా.గు. అంటున్నది ఇదే. మహావీరుడు దాన్ని నిరుద్ధం అన్నాడు.

ఆ పుస్తకాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన పద్యాల్లో తెలుగు చేశాడు. నన్నయ భారతం పుట్టిన శతాబ్దంలోనే తెలుగులో భిన్నాల లెక్కలు కూడా పుట్టాయి. సారసంగ్రహ గణితం అని పేరు పెట్టినా జనం నోట్లో అది పావులూరి గణితం. కృష్ణా పడమటి డెల్టాకు దక్షిణపు అంచున, ఇంకొల్లు దగ్గర పావులూరు అనే ఊరు ఇప్పటికీ ఉంది. ఇలాంటి లెక్కలతో ఊళ్లో పని పడింది కరణాలకు. 1984లో కరణీకాలు రద్దయ్యేదాకా ఊరి భూముల లెక్కలు చూసింది వాళ్లే. వాటాలు, శిస్తులు, కొలతల మార్పిడి, అన్నీ భిన్నాలతోనే.

పన్నెండెకరాల ఇంటి లెక్క

భిన్నాల తీసివేత ఎంత దూరం పోతుందో చూపించే చట్టం ఒకటి మన రాష్ట్రంలోనే వచ్చింది. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో, అప్పటికి పెళ్లికాని కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానమైన హక్కు ఇచ్చింది. దేశమంతటికీ అలాంటి సవరణ 2005లో గానీ రాలేదు.

లెక్క కోసం ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి, తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పంపకాలు కాకుండానే, వీలునామా రాయకుండానే తండ్రి పోయాడు. పిత్రార్జితం పన్నెండెకరాల మాగాణి.

పాత పద్ధతిలో, తండ్రి పోవడానికి ఒక్క క్షణం ముందు పంపకం జరిగినట్టు భావిస్తారు. ఆ పంపకంలో భాగస్తులు తండ్రి, ఇద్దరు కొడుకులే. తలా 1/3. దక్షిణాదిలో ఈ పంపకంలో తల్లికి విడిగా భాగం లేదు. తండ్రికి వచ్చిన 1/3ను మాత్రం తల్లి, ఇద్దరు కొడుకులు, కూతురు నలుగురూ సమానంగా పంచుకుంటారు, తలా 1/12. కూతురికి దక్కేది ఆ 1/12 మాత్రమే, ఒక్క ఎకరం. కొడుకుకు 1/3 + 1/12, అంటే 5/12, అయిదెకరాలు.

సవరణ తరవాత మొదటి పంపకంలో కూతురూ భాగస్తురాలే. నలుగురికి తలా 1/4. తండ్రి పాతికను మళ్లీ నలుగురు పంచుకుంటే తలా ఒక వీసం, 1/16. కూతురికి 1/4 + 1/16, మొత్తం 5/16. కొడుకులకూ తలా అంతే. తల్లికి 1/16.

చట్టం వల్ల కూతురి వాటా ఎంత పెరిగింది? 5/16 − 1/12. చేతిలోకి కలం తీసుకునే ముందు ఒక అంచనా వేద్దాం. 5/16 మూడో వంతుకు కొంచెం తక్కువ. మూడో వంతులోంచి పన్నెండో వంతు తీస్తే సరిగ్గా పాతిక. కాబట్టి జవాబు పాతికకు కాస్త తక్కువ రావాలి. ఇప్పుడు నలభై ఎనిమిదో వంతుల్లోకి మారుద్దాం. 16ను మూడుతో గుణిస్తే 48, కాబట్టి 5/16 అంటే 15/48. 12ను నాలుగుతో గుణిస్తే 48, కాబట్టి 1/12 అంటే 4/48. తేడా 11/48. పాతిక 12/48 కదా, అంచనా కుదిరింది. పన్నెండెకరాల్లో అది రెండెకరాల డెబ్బై అయిదు సెంట్లు.

క.సా.గు. బదులు 192 వాడినా జవాబు మారదు. 60/192లోంచి 16/192 పోతే 44/192, నాలుగుతో కుదిస్తే 11/48. రూపాయిలో చూస్తే 5/16 అంటే అయిదణాలు, అవి అరవై పైలు; పన్నెండో వంతు పదహారు పైలు, తేడా మూడణాల ఎనిమిది పైలు. క.సా.గు. వాడటం వల్ల కలిసొచ్చేది శ్రమలో ఆదా. ‘క.సా.గు. తీయలేదు కాబట్టి తప్పు’ అని ఎర్ర సిరాతో గీత పెట్టడం మాత్రం అన్యాయం.

కూతురికి పెరిగింది ఎవరి వాటాలోంచో తరగాలి. సరిచూసుకోవడానికి ఇదే మంచి దారి. ఒక్కో కొడుకుకు తగ్గింది 5/12 − 5/16, అంటే 20/48 − 15/48, 5/48. ఇద్దరికీ కలిపి 10/48. తల్లికి తగ్గింది 1/12 − 1/16, అంటే 4/48 − 3/48, 1/48. మొత్తం 11/48. సరిపోయింది. కూతురి హక్కు పెరిగినప్పుడు తల్లి వాటా పాతిక ఎకరం తగ్గిందన్న సంగతి చట్టం చదివితే చటుక్కున తట్టదు. భిన్నాలు తీసివేసి చూస్తే కనిపిస్తుంది.

సెల్‌ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉండగా

ఇంత తంటా ఎందుకు, దశాంశాల్లోకి మార్చి తీసేస్తే పోలేదా అనిపించవచ్చు. 5/16 అయితే 0.3125 దగ్గర ఆగుతుంది. 1/12 ఆగదు, 0.08333… అంటూ పోతూనే ఉంటుంది. ఎక్కడో ఒకచోట కొయ్యాలి. దస్తావేజులో 0.08 అని రాసుకుంటే పన్నెండెకరాల్లో అది 96 సెంట్లు. నాలుగు సెంట్లు ఎగిరిపోయాయి. సెంటుకు 48.4 గజాల చొప్పున అవి 193.6 గజాలు. విజయవాడ చుట్టుపక్కల అంత జాగాలో ఇల్లు లేస్తుంది. పంపకాల లెక్కలో చివరి మెట్టు దాకా భిన్నాన్ని భిన్నంగానే ఉంచి, కొలిచి రాళ్లు పాతేటప్పుడు సెంట్లలోకి మార్చడమే క్షేమం.

పిల్లలకు నేర్పేటప్పుడు కూడా క.సా.గు. ఎంత అనే ప్రశ్నతో మొదలుపెట్టనక్కర్లేదు. ‘ఈ రెండింటినీ ఏ ముక్కల్లో కొలుద్దాం?’ అని అడగాలి. బస్తాలు, క్వింటాళ్లతో రెండు లెక్కలు, గుంటలు, సెంట్లతో రెండు లెక్కలు చేయించాక ఉమ్మడి హారం ఎందుకో వాళ్లే చెబుతారు. ఆ తరవాత నేర్పే సూత్రం గుర్తుంటుంది.

చివరగా పాఠకులకు ఒక లెక్క. ఇదే పరిస్థితిలో తల్లి, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్న ఇంటిని తీసుకోండి. పాత పద్ధతిలో కొడుక్కి 2/3, తల్లికీ కూతురికీ తలా 1/6. సవరణ తరవాత కొడుక్కీ కూతురికీ తలా 4/9, తల్లికి 1/9. కూతురి వాటా ఎంత పెరిగిందో కట్టండి. కొడుకుకూ తల్లికీ తగ్గినవి విడివిడిగా కట్టి కలపండి. రెండు జవాబులూ ఒకటే అయితే మీ లెక్క సరైనట్టే, ఇంకెవరినీ అడగనవసరం లేదు.